గోడకు చెక్కిన చెవి

పషెద్ చెక్కిన ఫరో మడమను ఎవరో గీకేశారు.

ఆఁ, మడమేగా అనుకునేరు! నైలు నదికి పడమటి ఒడ్డున అమున్ దేవుడి గుడి. దాని బయటి గోడ మీద నాలుగు నిలువుల ఎత్తున ఫరో. కుడిచేత గద ఎత్తి, ఎడమచేత శత్రువుల జుట్టు ఒడిసిపట్టి నిలబడ్డాడు. ఎదురుగా దేవుడు అతనికి కత్తి అందిస్తున్నాడు. అంత బొమ్మ పని తనకి అప్పగించిన రోజు నుంచి పషెద్‌కి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. పండగకి ఫరో స్వయంగా వచ్చి చూస్తాడాయె!

గీకిన మనిషి ఆ మధ్యాహ్నమే దొరికిపోయింది. పనివాళ్ళకి నీళ్ళు మోసే హెనుత్. గోడ వారన మోకాళ్ళ మీద కూచుని, పలకరాయితో మడమను గీకి ఆ పొడి గుడ్డలో పోసుకుంటోంది.

"ఏం చేస్తున్నావే!" పషెద్ ఆమె రెక్క పట్టుకుని లేపాడు.

"మా హోరీకి జ్వరం బాబూ. పిల్లాడు కళ్ళు తెరవడం లేదు. గుడి గోడ పొడి నీళ్ళలో కలిపి తాగిస్తే తగ్గుతుందంటారని..."

"జ్వరమైతే దేవుడికి చెప్పుకో! రాజు కాలు గీకుతావా?"

"ఎక్కడ చెప్పుకోను? మాబోటివాళ్ళని లోపలికి రానివ్వరుగా."

"అయితే కావలివాళ్ళకి చెప్పుకుందువుగాని, పద!"

కావలివాళ్ళ చేతిలో పడితే వీపు చిట్లిపోతుంది. నీడలో ఉలికి పదును పెట్టుకుంటున్న గురువు ఇపుయ్ లేచి వచ్చాడు. ముసలాయన. నోట్లో పళ్ళు తక్కువ, మాటలు అంతకన్నా తక్కువ.

"ఆమెని వదులు. ఆమె కూచున్న చోట నువ్వు కూచో."

పషెద్ మూతి ముడుచుకునే కూచున్నాడు.

"ఏం కనబడుతోంది?"

తలెత్తి చూశాడు. తను ప్రాణం పెట్టి చెక్కిన ఫరో ముఖం ఎక్కడో పైన ఎండలో కలిసిపోయింది. దేవుడి ముఖమూ అంతే.

"కాళ్ళండీ," అన్నాడు. మళ్ళీ చూసి, "రాజు చేతికి జుట్టు చిక్కినవాళ్ళు," అన్నాడు.

ఇపుయ్ ఎర్రరంగులో పుల్ల ముంచి, ఫరో పాదాల కింద ఖాళీ రాతి మీద, కూచున్న మనిషి నోటికి అందే ఎత్తున ఒక చెవి గీశాడు.

"చెక్కు," అన్నాడు పషెద్‌తో. హెనుత్ కేసి తిరిగి, "నువ్వు రేపు రామ్మా," అన్నాడు.

"మరి మడమో? పండగకి ఫరో వస్తాడండీ!"

"రానీ. ఆయన కూచుని చూడడులే."

పషెద్ చెక్కాడు. గురువు వేలితో తడిమి, "కుదరలేదు," అన్నాడు. లోతు పెంచాడు. "కుదరలేదు." తన చెవి తడుముకుని, గురువు చెవిని ఎగాదిగా చూసి, తమ్మె దగ్గర నుంచి మడత దాకా దిద్దాడు. అయినా అదే మాట. లోపమెక్కడో చెప్పి చావడు!

"ఇంతకీ ఎవరి చెవండీ ఇది? ఫరోదా, దేవుడిదా?"

"ముందు కుదరనీ."

పషెద్‌కి ఒళ్ళు మండింది. చాదస్తం అని గొణుక్కుంటూ, మర్నాడు పొద్దున్నే పరంజా ఎక్కి ఫరో కిరీటం పని పట్టుకున్నాడు.

హెనుత్ బిక్కుబిక్కుమంటూ వచ్చింది. ఇపుయ్ చెవి కేసి చెయ్యి చూపించాడు. ఆమె మోకరిల్లి రాతికి నోరు ఆనించింది.

"తండ్రీ, మా హోరీ..."

పైన టక్, టక్, టక్. ఆమె ఆగింది. మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ టక్, టక్. గట్టిగా చెబుదామంటే నలుగురూ వింటారని సిగ్గు. ఇంక లాభం లేదనుకుందేమో, కళ్ళు తుడుచుకుని లేవబోయింది.

పషెద్ అప్పుడే కిందికి చూశాడు. గద ఎత్తిన ఫరో పక్కన, సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. మెల్లిగా దించి సుత్తిని ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కవాళ్ళకేసి తిరిగి, "ఆపండ్రా కాసేపు," అన్నాడు. గోడ పొడుగునా ఉలి చప్పుళ్ళు ఆగిపోయాయి.

హెనుత్ మళ్ళీ వంగింది. ఆ మాటలు పైదాకా వినబడ్డాయి.

"తండ్రీ, మా హోరీ తెల్లవారాక కళ్ళు తెరిచాడు. రెండు గుక్కల పాలు తాగాడు. ఇంకొంచెం చూడు."

పషెద్ పరంజా మీంచి కిందికి వంగి విన్నాడు.

కింద ఇపుయ్ ఉలి నూరుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు.

"ఇప్పుడు కుదిరిందిరా చెవి."