తోమిన నాణెం, తోమని నాణెం

నెమలిమెట్ట మీద పుష్యమాసంలో పొద్దు పొడిచినా పొడిచినట్టు ఉండదు. మంచు కిందనుంచి పాకుతూ వచ్చి పాడుబడ్డ కోటగోడల్ని ఒక్కొక్క రాయిగా మింగేస్తుంది, మధ్యాహ్నానికి మళ్ళీ ఒక్కొక్క రాయిగా బయటపెడుతుంది. ఆ వేళప్పుడు ఎదురుగా కనిపించేది సీతాఫలం చెట్టో, మేస్తున్న మేకో, తెల్లవారుజామున వచ్చిన కల తాలూకు ముక్కో చెప్పడం కష్టం.

ఆ మెట్ట మీద ఒక ముసలి కర్రెద్దు ఉండేది. పద్నాలుగేళ్ళు మోట లాగింది. మోట అంటే బావిలోంచి పెద్ద తోలుసంచితో నీళ్ళు తోడడం. ఎద్దు వాలులో ముందుకు దిగితే నీళ్ళు పైకొస్తాయి, మళ్ళీ వెనక్కి ఎక్కాలి. అలా ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఊళ్ళోకి మోటారు వచ్చిన ఏడాది దాన్ని మెట్ట మీదికి తోలేశారు. ఎక్కడమైతే ఎలాగో ఎక్కింది గాని, ఇక ఏటికి దిగలేదు. కోటగుమ్మం పక్కన రాతిలో ఒక దొన ఉంది. దొన అంటే బండలో దానంతటదే ఏర్పడ్డ తొట్టి. అందులో నిలిచిన వాననీళ్ళే దానికి ఆధారం. కిందటి ఎండాకాలం ఆ నీళ్ళు ఇంకిపోతే కర్రెద్దు తొమ్మిది రోజులు తడిరాయిని నాకి బతికింది. ఈ ఏడు వానలు మరీ తక్కువ. పుష్యంలోనే నీళ్ళు గిట్ట మునిగేంత లోతుకి దిగిపోయాయి.

ఇలా ఉండగా ఒకనాడు పడుకోవడానికి గోడవార మట్టి గీరుతుంటే గిట్టకి చిన్న ముంత తగిలి పగిలింది. అందులో నాలుగు నాణేలు. రెండు పెద్దవి, రేగువడియాలంత. రెండు చిన్నవి, చింతగింజంత, ఒంటినిండా చిలుము పచ్చగా గరుకుగా పేరుకుపోయి ఉన్నాయి.

జంతువులకి నాణేలెందుకని మీరు అడుగుతారని తెలుసు. ఏటా మంచు తగ్గేనాటికి ఆ మెట్ట మీదుగా గూడబాతుల గుంపు వెళ్తుంది. వాటి పెద్ద, వెండిరెక్కల పెద్దమ్మ. దానికి పాత నాణేలంటే ప్రాణం. ఎందుకమ్మా అంటే, చేప తింటే కడుపు నిండుతుంది, నాణెం చూస్తే పొద్దు నిండుతుంది అనేది. నచ్చిన నాణేనికి బదులుగా గూడబాతులు ముక్కు కింద సంచుల్లో నీళ్ళు మోసుకొచ్చి అడిగినచోట పోస్తాయి. అందుకని ఆ మెట్ట మీద నాణెం విలువ ఎంతంటే, ఇన్ని సంచులని చెప్పుకునేవారు.

కర్రెద్దు చాలాసేపు ఆ నాలుగింటినీ చూస్తూ నిలబడింది. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం. మూడు నెలలు గడిస్తే చాలు, తర్వాత మబ్బులు చూసుకుంటాయి.

మంచులోంచి ముందు ముక్కు, తర్వాత మీసాలు, ఆ తర్వాత మిగతా నక్క బయటికొచ్చాయి. నక్కకి ఎక్కడ ఏం దొరికినా వాసన తెలిసిపోతుంది. ఎద్దుని పలకరించి, మోకాళ్ళ సంగతి అడిగి, నాణేల చుట్టూ రెండుసార్లు తిరిగింది. బేరం అనేది ఒక విద్య అనీ, జీవితమంతా కాడి కింద తల పెట్టినవాళ్ళకి అది పట్టుబడదనీ, గూడబాతుతో తానే మాట్లాడి పెడతాననీ చెప్పింది. మాటసాయానికి కూలిగా రెండు పెద్ద నాణేలూ తనకి. చిన్నవి చెరొకటి.

"అల్లుడూ, ముంత దొరికింది నా గిట్టకి కదా," అంది ఎద్దు మెల్లగా.

"దొరకడం గిట్ట పని మావా. అమ్మడం నోటి పని," అంది నక్క. "రెండు పెద్దవీ నువ్వే ఉంచుకుని ఆ పెద్దమ్మ ముందు మూగగా నిలబడతానంటే నాకేం అభ్యంతరం లేదు."

ఎద్దుకి బేరం రాని మాట నిజమే. ఒక్కటి తన దగ్గరున్నా చాలనుకుని తల ఊపింది.

ఆ తర్వాత మూడు పొద్దులు నక్క కనబడలేదు. దాని బొరియ వైపునుంచి మాత్రం బరబరమని చప్పుడు. అడవి చింతపండు నలిపి, ఇసుక కలిపి, తన మూడు నాణేల్నీ తోమి కడిగి మళ్ళీ తోమింది. నాలుగో పొద్దున తెచ్చి బండ మీద పెడితే మంచులో మూడు చిన్న దీపాలు వెలిగించినట్టయింది. గోరింక ఒకటి గోడమీదనుంచి చూసి, ఇలాంటి వెలుగు తన తాతల కాలంలో కూడా లేదని ఊరంతా చాటడానికి వెళ్ళిపోయింది.

నక్క అప్పుడు అసలు సంగతికి వచ్చింది. ఎద్దు నాణెం కూడా తోమిపెడతానంది. చింతపండు తనదే, చాకిరీ తనదే. బదులుగా ఎండాకాలమంతా కోటగుమ్మం నీడలో ఎద్దు పడుకునే చోటు తనకి ఇవ్వాలి. ఆ పచ్చముద్దని చూస్తే పెద్దమ్మ మొహం తిప్పుకుంటుంది, ఆనక నీ ఇష్టం అని భయం కూడా కలిపింది.

కర్రెద్దు తన నాణేన్ని గిట్టల సందున పెట్టుకుని వంగి చూసింది. పచ్చటి గరుకులోంచి తొండం ఎత్తిన ఏనుగు ఒకటి, దూరంగా మంచులో నడుస్తున్నట్టు, కనిపించీ కనిపించకుండా ఉంది. దాని కాళ్ళ కింద అక్షరాలు చీమలబారులా సాగి ఎక్కడికో పోతున్నాయి. నక్క నాణెం మీదా ఇదే ఏనుగు, కాని ఇప్పుడది తళతళలాడుతోంది. నీళ్ళు దొరక్కపోతేనో? ఇచ్చేద్దామా అని ఎద్దు గిట్ట కొంచెం ఎడం చేసింది కూడా.

అంతలో దానికి ఆముదం వాసన గుర్తుకొచ్చింది. మోట లాగే రోజుల్లో ఒకసారి దాన్ని సంతకి తోలుకెళ్ళారు. ముందురోజు కత్తితో కొమ్ములు చివ్వి, నున్నగా చేసి, ఆముదం రాశారు. కొమ్ము మీద ఏటికో గీత పడుతుంది కదా, అవి కనబడకపోతే ఎద్దు వయసు తగ్గుతుందని యజమాని ఆశ. సంతలో తలపాగా చుట్టిన ముసలి రైతు ఒకాయన వచ్చి నున్నటి కొమ్ముని వేలితో రాసి చూసి, గీతలే దాచినవాడు ఇంకేమేం దాచాడో అనుకుంటూ వెళ్ళిపోయాడు. పక్కన ఉన్నది దానికంటే వయసులో పెద్ద ఎద్దు, కొమ్ములు గరుగ్గా ఉన్న ఎద్దు. ఆయన దాన్నే కొన్నాడు.

ఎద్దు గిట్టలు దగ్గరికి తీసుకుంది.

"వద్దులే అల్లుడూ. చూసేవాళ్ళకి చూడ్డానికి ఏదైనా మిగల్చాలి," అంది.

నక్క నవ్వింది. గాడిదకేం తెలుసు గంధం వాసన అని సామెత, ఎద్దుని కూడా అందులో చేర్చాలి అంది.

మంచు పలచబడ్డ ఒక ఉదయం ఆకాశం నెమ్మదిగా తెల్లరెక్కలతో నిండింది. గూడబాతులు చప్పుడు లేకుండా దిగాయి. వెండిరెక్కల పెద్దమ్మ బండ మీద కూర్చుని, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేదాకా నాణేలవంక చూడనే లేదు. నిలువు ఎండలో నాణెం మొహం చదునుగా కనిపిస్తుంది, పక్కనుంచి పడే ఎండలోనే దాని గీతలకి నీడ వస్తుంది. ఇది తెలియక చాలామంది తొందరపడతారు.

నక్క మాట్లాడడం మొదలుపెట్టింది. ఈ నాణేలు ఎంత పాతవో, ఏ రాజులు వీటిని ముట్టుకున్నారో, ఏ రాణి కొంగున కట్టుకుందో, కళ్ళారా చూసినట్టు చెప్పుకుపోయింది.

పెద్దమ్మ అంతా విని అంది. "పాతదని చెప్పకు నాయనా. ఈ మెట్ట మీద ప్రతి రాయీ పాతదే. రాళ్ళకి నేను నీళ్ళు మోస్తున్నానా?"

తర్వాత నక్కకి అర్థమయ్యేలా ఒక్కొక్కటే విడమరిచింది. మొదట చూడాల్సింది, అలాంటివి లోకంలో ఎన్ని మిగిలాయని. రెండు పెద్ద నాణేలనీ ముక్కుతో పక్కకి జరిపింది. ఇవి ఏటి రేవులో ఏ ఇసుక గీరినా దొరుకుతాయి. ఇక చిన్నవి. ఈ ఏనుగుని తాను ఇన్నేళ్ళలో ఒక్కసారే చూసింది. గుంపంతా మెడలు చాచి ముందుకొచ్చింది. మొహం ఎంత చెరగకుండా ఉంది, అక్షరాలు ఎన్ని నిలిచాయి అని పెద్దమ్మ ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి రెండింటి ఒళ్ళూ మెల్లగా ముక్కుకొసతో తడిమింది.

"దీన్ని ఎవరు తోమారు?" అని అడిగింది.

నక్క గర్వంగా తల ఎత్తి, తానే తోమానని, మూడు రోజులు పట్టిందని చెప్పింది.

"తోమని దానికి తొంభై సంచులు. చైత్రం మొదలు జ్యేష్ఠం చివరిదాకా రోజుకొకటి," అంది పెద్దమ్మ. "తోమిన దానికి రెండు. పెద్దవి రెంటికీ కలిపి ఒకటి."

నక్క రెండు చిన్న నాణేల్నీ పక్కపక్కకి నెట్టింది. "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు గదమ్మా. రెండూ ఒకే ముంతలోవి. ఒకే కడుపున పుట్టినవి."

"అన్నదమ్ములే, కాదనను. ఈ పచ్చదనం మట్టి దీనికి కప్పిన చర్మం. దాని కింద ఏనుగు పదిలంగా నిద్రపోతోంది. నువ్వు నీ ఏనుగుకి చర్మం ఒలిచావు. ఇసుకతో తొండం సగం అరగదీశావు. అక్షరాలు తుడిచేశావు. నేనిప్పుడు ఏం చూడను, నీ చాకిరీ చూడనా?"

నక్క గబగబా పరుగెత్తి నాణేన్ని బురదలో దొర్లించి, గడ్డి రసం రాసి, పచ్చగా చేసి తెచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది దాని పని. పెద్దమ్మ కోప్పడలేదు. బడిలో తప్పు రాసిన పిల్లవాడి పలక చూసినట్టు చూసి, మట్టి ఆ పని చేయడానికి నాలుగు వందల ఏళ్ళు తీసుకుంది, నీకు అంత తీరిక ఉంటే పాతిపెట్టి కూర్చోమంది.

చైత్రం వచ్చింది. కింద ఏరు కూడా ఎండి ఇసుక తేలింది. మెట్ట మీద రాళ్ళు వేడెక్కి గాలి నీళ్ళలా వణకసాగింది. రోజూ పొద్దున్నే ఆ వణుకులోంచి ఒక తెల్లటి రెక్కల జత తేలుతూ వచ్చేది. దొనలో నీళ్ళు ఒంపి, చప్పుడు లేకుండా కరిగిపోయేది. జీవితమంతా ఇతరులకి నీళ్ళు తోడిన కర్రెద్దు కళ్ళు మూసుకుని ఆ నీళ్ళు పడే చప్పుడు వినేది.

నక్క మూడు సంచులూ మూడు రోజుల్లో అయిపోయాయి. నాలుగో రోజు దొన దగ్గరికొచ్చి, తాగనా మావా అని అడగలేక, మూతి మాత్రం నీళ్ళవైపు పెట్టి నిలబడింది. ఎద్దు కాస్త పక్కకి జరిగింది. నక్క వంగి తాగింది, ఆ పొద్దు దాని నోటికి అదొక్కటే పని.

నీతి: కాలం చేసిన పనిని చెరిపినవాడు విలువ పెంచలేదు, ఉన్నది పోగొట్టుకున్నాడు.