వెనక పెట్టెలో చప్పుడు

కూర్మయ్య మేష్టారికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. "అదెక్కడ పుట్టిందో చూపించు" అంటారు. చూపించలేని ప్రశ్నలే లోకంలో ఎక్కువ కనుక, చాలామంది తల గోక్కుంటూ లేచి వెళ్లిపోయేవారు.

పైడిరాజు మాత్రం చూపించగలిగాడు. ఆయన దగ్గర తత్వాలు నేర్చుకుంటూ, సంతలకు కూరగాయలు తోలుకునే మనిషి. నిరుడే ఎవరో వాడిన వ్యాను కొన్నాడు. ఒక ఉదయం వచ్చి, "గురువుగారూ, భయం ఎలా పోతుందండీ?" అని అడిగాడు. ఎక్కడ పుట్టిందయ్యా అంటే, వాకిట్లో ఆగిన వ్యాను వెనక భాగాన్ని వేలితో చూపించాడు.

సంగతి ఏమిటంటే, ఈమధ్య మలుపు తిరిగినా, బ్రేకు వేసినా వెనకనుంచి దడదడమని చప్పుడు. ఒక మెకానిక్ ఇరుసు అన్నాడు, ఇంకొకడు స్ప్రింగు పట్టీలన్నాడు. విప్పి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. పాత యజమాని దయ్యం ఇంకా దిగలేదని వీధిలో వేళాకోళం. ముందు సీట్లో పైడిరాజు భార్య గౌరి కూర్చుని ఉంది. నెలలు నిండాయి, డాక్టరమ్మ ఆ రోజే వచ్చి చేరమంది. ఆసుపత్రికి కొండదారి దిగాలి. ఊళ్లో వేరే బండి లేదు. ఆ మలుపుల్లో ఇరుసు విరిగితే?

మేష్టారు వెళ్లి వ్యాను వెనక ఎక్కి, గోనెల మీద కూర్చున్నారు.

"అయ్యో, మీరు వెనకాలా! ఊరు నన్ను బతకనిస్తాదా?"

"చప్పుడు వెనకుంటే ముందు కూచుని ఏం వినమంటావురా? బండి పోనీ."

వీధి చివర మలుపులో చప్పుడు వచ్చింది. మేష్టారు అరచేత్తో అక్కడా ఇక్కడా తడిమి, చక్రం పక్కనున్న ఇనప పెట్టె మీద చెయ్యి ఆపారు. బండి ఆపించి, "ఇందులో ఏముంది?" అన్నారు.

"పనిముట్లండి. కానీ అది తెరవకూడదండి. మెకానిక్కుల్ని కూడా ముట్టనివ్వలేదు. బండి కొన్ననాడు పూజ చేసిన కొబ్బరికాయ ఉందందులో. పరాయి బండి, ఏ కీడూ తగలకుండా కాయ కొట్టకుండా దాచమంది మా అమ్మ."

ముందుగా గౌరికి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, "నాకంటే బండే ఎక్కువ మూలుగుతాందేటా అనుకున్నాను. దాని కడుపులోనూ కాయేనా!" అంది.

పెట్టె తెరిచారు. పసుపు గుడ్డ ఊడిపోయి, కాయ పానాల మధ్య దొర్లుతోంది. అది కురిడీ అయిపోయింది. అంటే లోపలి నీరింకి, కొబ్బరి చిప్పను వదిలేసిందన్నమాట. అలాంటి కాయ కదిపితే లోపలా మోగుతుంది, ఇనుము మీద దొర్లితే బయటా మోగుతుంది. మేష్టారు దాన్ని పైడిరాజు చెవి దగ్గర ఆడించారు. పైడిరాజు రోడ్డు పక్కన చతికిలబడి, చాలా రోజుల తరవాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"దీన్నిప్పుడెక్కడ దాచమంటారండీ?"

"కొట్టు. ప్రసాదం తిందాం."

తిరుగుదారిలో అదే మలుపు వచ్చింది. ముగ్గురూ చెవులొగ్గారు. కొబ్బరి నములుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మేష్టారిని వాకిట్లో దింపి, కొండదారికి బండి తిప్పుతూ, పైడిరాజు తల బయటికి పెట్టాడు. "మరి నా ప్రశ్నకి జవాబు చెప్పలేదండీ!"

మేష్టారు పంచెకంటిన గోనెపీచు దులుపుకున్నారు. "భద్రానికని ఇంకేమేం దాచుకున్నావో, దారిలో గుర్తు తెచ్చుకో."