ఇటియ్యి

సుగుణ చేతిలో పడితే ఎంత మొండి గుడ్డయినా మాట వినేది. మహిళా శిక్షణ కేంద్రంలో కుట్టు నేర్పే టీచరు ఆమె. అంత చెయ్యి తిరిగిన మనిషి దగ్గర నేర్చుకున్న పన్నెండు మందిలో తొమ్మిది మంది కిందటేడు ప్రాక్టికల్ పరీక్ష తప్పారు.

విచిత్రమేమిటంటే, వాళ్ళు కుట్టిన నమూనాల ఫైళ్ళు చూడముచ్చటగా ఉన్నాయి. పరీక్ష పెట్టడానికి వచ్చినావిడ, ఆ తొమ్మిది మందిలో ఒకరైన మద్దిలేటమ్మ ఫైలు తిప్పి చూసి, "ఇవన్నీ నువ్వు కుట్టినవేనా?" అని అడిగింది. మద్దిలేటమ్మ తల వంచుకుంది. సుగుణ అది గుమ్మంలోంచి చూసింది. పిల్ల బెదిరిపోయినట్టుంది అనుకుంది.

ఈ ఏడు కూడా ఇలాగే అయితే కుట్టు తరగతి ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. తన ఉద్యోగం సంగతి సరే, మళ్ళీ పరీక్ష రాస్తామని వచ్చి చేరిన ఆ తొమ్మిది మంది ఏమైపోవాలి? మద్దిలేటమ్మకు భర్త పోయాడు. ఒక మిషను పెట్టుకుని బతుకుదామన్న ఒక్క ఆశతో రోజూ రెండు బస్సులు మారి వస్తుంది.

సుగుణకు అన్నం సయించలేదు. సెలవుల్లో మూడు ట్రైనింగులకు వెళ్ళింది. బోధనా పద్ధతులు ఒకచోట, కొత్త కటింగులు ఒకచోట, కంప్యూటర్లో డిజైన్లు ఇంకోచోట నేర్చుకుంది. ఆమెకు మూడు సర్టిఫికెట్లు వచ్చాయి. పిల్లల కుట్లకు మాత్రం ఏ మార్పూ రాలేదు.

పరీక్షలింకా రెండు నెలలున్నాయనగా, ఒక ఆదివారం పొద్దున ఆ సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని పత్తికొండ బస్సెక్కింది. అక్కడ ఖుర్షీద్ బీ ఉంటుంది. హైస్కూల్లో సుగుణకు హోమ్ సైన్స్ చెప్పిన టీచరమ్మ. సుగుణకు మొదటిసారి సూది పట్టించింది ఆవిడే.

"టీచరమ్మా, ఇంకా ఏం ట్రైనింగు చేయమంటారో చెప్పండి. నాకు రానిదేదో ఉంది. అదేందో తెలియడం లేదు," అంది సుగుణ, సర్టిఫికెట్లు చేతికిస్తూ.

ఖుర్షీద్ బీ కళ్ళద్దాలు సవరించుకుని మూడూ చదివింది. ఒకదాన్ని వేళ్ళతో నలిపి చూసింది.

"కాగితం గట్టిదే ఏసినారు," అంది. "సరేగానీ, నీకు జొన్నరొట్టె తట్టడం వచ్చునా?"

సుగుణకు సిగ్గేసింది. పుట్టింట్లో అమ్మ, అత్తగారింట్లో అత్త తట్టి పెట్టారు. తాను తినడమే ఎరుగును.

"రాదు టీచరమ్మా."

"రా. నేర్పిస్తా."

పిండిలో మరిగిన నీళ్ళు పోసి, కలపమంది. సుగుణ నాలుగు వేళ్ళు పెట్టి కలుపుతోంటే ఒక్క నిమిషం చూసి, "ఇటియ్యి," అని పళ్ళెం లాక్కుంది. అరచేతి మొదలుతో నొక్కి నొక్కి పిసికి, ఆరు ముద్దలు చేసింది.

"ఇప్పుడు తట్టు."

సుగుణ నాలుగు దెబ్బలు వేసిందో లేదో, అంచు పగిలింది.

"ఇటియ్యి."

టీచరమ్మ చేతికింద రొట్టె గుండ్రంగా తిరిగి, పెనం మీదికి వెళ్ళింది. రెండో ముద్దకూ అంతే. పెనం మీద రొట్టెకు తడిగుడ్డ అద్దబోతే అదీ, "ఇటియ్యి." తిప్పబోతే అదీ. మూడైనాయి, నాలుగైనాయి. అయిదో రొట్టె కూడా టీచరమ్మ చేతికే పోయేసరికి సుగుణకు ఉక్రోషం ముంచుకొచ్చింది.

"ఒక్కసారి నన్ను తట్టనియ్యండి టీచరమ్మా! ప్రతిసారీ మీరే లాక్కుంటే నాకెట్ల వస్తుంది?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమె ఆగిపోయింది.

ఇదే మాట, ఇదే గొంతుతో, తనతో ఇంకొకరన్నారు. వంకరపోయిన కాలరు పట్టుకుని మద్దిలేటమ్మ అడిగింది. "ఒక్కసారి నన్ను కుట్టనియ్యండి మేడం." అప్పుడు తానేమంది? "టైము లేదమ్మా, ఫైలు పాడవుతుంది. ఇటియ్యి."

ఖుర్షీద్ బీ మిగిలిన ఒక్క ముద్దనూ సుగుణ ముందుకు జరిపి, పీట వెనక్కి లాక్కుని, చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుంది.

సుగుణ తట్టింది. అంచు పగిలింది. తడివేళ్ళతో అతికింది. మళ్ళీ పగిలింది. టీచరమ్మ కుడిచెయ్యి కొంగులోంచి బయటికి వచ్చి, సగం దూరంలో ఆగి, మళ్ళీ లోపలికి పోయింది. సుగుణ అది చూసింది.

చివరికి రొట్టె అయింది. ఒక పక్క మందం, ఒక పక్క చిల్లు, మధ్యలో మాడిన మచ్చ. ఖుర్షీద్ బీ తాను చేసిన అయిదు రొట్టెలూ పక్కకు పెట్టి, ఆ ఆరోదాన్ని తన పళ్ళెంలో వేసుకుంది.

"నువ్వు చేసింది ఇదొక్కటే," అంది. "గోంగూర ఇట్ల అందుకో."

మర్నాడు తరగతిలో మద్దిలేటమ్మ కాలరు మూల తిప్పుతోంటే ముడతపడింది. అలవాటుగా గుడ్డ చాచి, "మేడం," అంది. సుగుణ చేతులు లేచాయి. స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"విప్పి మళ్ళీ కుట్టమ్మా."

"నేనా మేడం?"

"నువ్వే."

అంత కష్టమైన పని సుగుణ ఏ ట్రైనింగులోనూ చేయలేదు. కళ్ళముందు కుట్టు వంకర పోతుంటే ప్రాణం ఉసూరుమనేది. ఆ రెండు నెలల్లో ఫైళ్ళు వికారంగా తయారయ్యాయి. ఇవేం నమూనాలని కేంద్రం మేనేజరు విసుక్కున్నాడు. సుగుణ ఆ మాటలు పడింది.

పరీక్షకు కిందటేడు వచ్చినావిడే మళ్ళీ వచ్చింది. గుడ్డలిచ్చి, గడియారం చూసుకుని, మూడు గంటల తర్వాత ఒక్కొక్కటే తీసి చూసింది. మద్దిలేటమ్మ చొక్కా దగ్గర ఆగింది. కాలరు ఎడమ మూల సూదిగా ఉంది. కుడి మూల కాస్త మొద్దుబారింది.

"ఇది నువ్వు కుట్టిందేనా?"

మద్దిలేటమ్మ తలెత్తింది.

"నేనే మేడం. ఆ మూల మూడుసార్లు ఇప్పి కుట్టినా."

గుమ్మం బయట సుగుణ చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుని నిలబడి ఉంది.