కొండెక్కిన కంప్యూటరు ధర

బూరుగువలసలో తెలివైనవాళ్ళిల్లు ఏదని ఎవరినడిగినా ఒకే ఇల్లు చూపిస్తారు. చూపిస్తూ నవ్వుతారు. ఆ నవ్వెందుకో ఇంటి యజమాని భద్రాచలానికి ఏనాడూ అర్థం కాలేదు. తెలివైనవాళ్ళని తలుచుకుంటే జనానికి ఆనందం కలుగుతుంది కాబోలు అనుకునేవాడు. ఎవరో వేళాకోళానికి "తెలివివారి ఇల్లు" అని పేరు పెడితే, అతను పొంగిపోయి ఆ పేరే ఎర్ర రంగుతో బోర్డు రాయించి గుమ్మానికి కొట్టించాడు.

ఆ ఇంట్లో ముగ్గురే ముగ్గురు. భద్రాచలం, భార్య సింహాలమ్మ, తమ్ముడు కూర్మయ్య. ముగ్గురిదీ ఒకటే పద్ధతి. ఎదుటివాడు ఏ మాటంటే ఆ మాటే చెయ్యాలి. అనేదొకటీ అర్థం చేసుకునేదొకటీ అయితే ఇంక మాటలెందుకని భద్రాచలం వాదన. వాళ్ళ నాన్న పోయే ముందు కొడుకులిద్దర్నీ పిలిచి, మన ప్రెస్సు మీద ఈగ వాలనివ్వకండి అన్నాడట. అంతే, ఆనాటి నుంచీ కూర్మయ్య విసనకర్ర పుచ్చుకుని ప్రెస్సు పక్కనే కూర్చుంటున్నాడు. ఇప్పటికి ఇరవై ఏళ్ళు.

ప్రెస్సంటే పెద్దదేం కాదు. వీధివైపు ఒక గది, అందులో శుభలేఖలు అచ్చువేసే ప్రింటరు, దానికి తగిలించిన ఒక ముసలి కంప్యూటరు. ఆ కంప్యూటరు గదిలో సగం తనే ఆక్రమించేది. దాని ముందు భద్రాచలం కూర్చుంటే, పని పట్టుకొచ్చిన ఆసామి ఎండలో నిలబడి మాట్లాడాల్సిందే. అయినా ఇల్లు గడిచేది దానిమీదే. పొలం లేదు, పాడి లేదు.

అలాంటిది దాలినాయుడు తన కూతురి పెళ్ళికి శుభలేఖలు కావాలని వచ్చిన రోజే ఆ కంప్యూటరు గుర్రుమని ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. దాలినాయుడు ఊళ్ళో పెద్ద రైతు. అతని ఇంటి పని చేస్తే చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ వస్తాయి, చెయ్యకపోతే జంక్షన్లో కొత్తగా పెట్టిన ప్రెస్సుకి పోతాయి. పది రోజులు గడువిచ్చి వెళ్ళిపోయాడు. భద్రాచలానికి గుండెల్లో రాయి పడింది. రాయి ఎక్కడ పడిందో చూద్దామని కూర్మయ్య అతని చొక్కా విప్పించాడు, అది వేరే సంగతి.

టౌన్లో సన్యాసిరావుకి కంప్యూటర్ల దుకాణం ఉంది. కొనమంటే రేపు ధర తగ్గినప్పుడు తిడతారు, ఆగమంటే బేరం పోతుంది. అందుకని అతను ఎవరికీ ఏదీ తిన్నగా చెప్పేవాడు కాదు. భద్రాచలం ఫోన్ చేసి, చిన్న కంప్యూటర్లు వచ్చాయటగా, ఇప్పుడు కొనాలా, ఆగాలా అని అడిగాడు. పదిసార్లు ఆలోచించుకుని రండి అన్నాడు సన్యాసిరావు.

ఇంకేముంది. భద్రాచలం స్నానం చేసి, పీట వేసుకుని ఆలోచించడానికి కూర్చున్నాడు. సింహాలమ్మ లెక్కకి చింతగింజలు పట్టుకుంది. ఒక ఆలోచన అవగానే అతను తల ఊపాలి, ఆవిడ గింజ పక్కన పెట్టాలి. ఏడో ఆలోచన దగ్గర అతనికి తుమ్ము వచ్చి తల ఊగింది. అది ఆలోచనా తుమ్మా అని అన్నదమ్ములు వాదులాడుకుని, అనుమానం దేనికని మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టారు. పొద్దువాలేసరికి లెక్క తేలింది. కొనాలని ఐదు, ఆగాలని ఐదు.

పదకొండోసారి ఆలోచిస్తే తేలిపోతుంది కదా అంది సింహాలమ్మ. పదిసార్లే అన్నాడు, పదకొండోది మోసం అవుతుందన్నాడు భద్రాచలం.

మర్నాడు ముగ్గురూ టౌనుకి వెళ్ళారు. సన్యాసిరావు కంప్యూటరు తీసి బల్లమీద పెట్టాడు. టిఫిన్ బాక్సంత ఉంది. ఇంతలోనే అంతా ఉందంటే భద్రాచలం ముందు నమ్మలేదు, తర్వాత దాన్ని వదల్లేదు. కళ్ళముందు తన గది కనిపించింది. బల్లమీద ఓ మూల ఈ బుల్లి పెట్టె, మిగతా గదంతా ఖాళీ, దాలినాయుడు నీడలో కుర్చీ వేసుకుని కూర్చోవడం. ఎంతని అడిగాడు. ఇప్పుడు దీని ధర కొండెక్కి కూర్చుంది, కొన్నాళ్ళకి దిగుతుందేమో చూడండి అన్నాడు సన్యాసిరావు.

అంతే. టౌను చివర ఒక కొండ ఉంది. ఆ చుట్టుపక్కల అదొక్కటే కొండ కాబట్టి ఏ కొండ అన్న పేచీ రాలేదు. కూర్మయ్యని పైకి పంపించారు. ధర ఇటు దిగుతుందో అటు దిగుతుందో తెలీదు గనక తూర్పున భద్రాచలం, పడమట సింహాలమ్మ కాపలా నిలబడ్డారు. కూర్మయ్య రొప్పుతూ రోజుతూ పైకి పోతే అక్కడ మేకలు కాసుకునే ఒక ముసలమ్మ తప్ప ఎవరూ లేరు. ఇక్కడ కంప్యూటరు ధర కూర్చుందటగా, ఏదీ అన్నాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, ఇందాకే దిగిపోయింది నాయనా, నువ్వే చూసుకోలేదు అంది.

కూర్మయ్య ఒక్క పరుగున కిందికొచ్చాడు. నా వైపు దిగలేదన్నాడు భద్రాచలం. అయితే వదిన వైపే దిగి ఉంటుంది. సింహాలమ్మ ముఖం చిన్నబుచ్చుకుని, ఒక్క క్షణం కునుకు పట్టిన మాట నిజమేనని ఒప్పుకుంది. మొత్తానికి దిగింది, అది ముఖ్యం అనుకుని దుకాణానికి వెళితే ధర ఇంకా దిగలేదన్నాడు సన్యాసిరావు. ఇంత తొందరెందుకు, వచ్చే నెల కొత్త మోడల్ మార్కెట్లోకి వస్తుంది, అప్పుడు పాతది ఇచ్చేసి కొత్తది పట్టుకుపోవచ్చని కూడా చెప్పాడు.

ఆ రోజు ముప్ఫయ్యో తారీఖు. తెల్లారితే వచ్చే నెల. పైగా రేపే సంత, మార్కెట్టంటే అదే కదా. ఇంత దగ్గర్లో పెట్టుకుని వీడు ఇన్ని రోజులు తిప్పాడేమిటని భద్రాచలం విసుక్కున్నాడు.

మగవాళ్ళు బేరమాడలేరని సంత పని సింహాలమ్మ నెత్తిన వేసుకుంది. ముసలి కంప్యూటర్ని కూడా గోనెసంచిలో కట్టి నెత్తినే వేసుకుంది. వంకాయల వరసకీ ఎండు చేపల వరసకీ మధ్యన చోటు చూసుకుని, కొత్త కంప్యూటరు ఎటునుంచి వస్తుందా అని కూర్చుంది. మధ్యాహ్నానికి పాత బట్టలకి స్టీలు సామాను ఇచ్చే అతను వచ్చాడు. పాతది ఇయ్యండి, కొత్తది పట్టుకెళ్ళండి అని అరుచుకుంటూ వచ్చాడు. సన్యాసిరావు చెప్పిన మాటే, అక్షరం తేడా లేదు. సింహాలమ్మ లేచి నిలబడి, నాకు టిఫిన్ బాక్సంత ఉండాలి అంది. అతను ఆ సంచిలోకి తొంగిచూసి, ఆవిడ మనసు మార్చుకునేలోగా టిఫిన్ బాక్సు చేతిలో పెట్టి, కంప్యూటర్ని సైకిలుకి కట్టుకుని సందు తిరిగిపోయాడు. ఇరవై ఏళ్ళ శుభలేఖల నమూనాలు, వినాయకుడి బొమ్మలు, అరటి చెట్లు, సన్నాయిలు, అన్నీ దానితోపాటే పోయాయి.

ఇంటికొచ్చాక ముగ్గురూ దాన్ని చుట్టుముట్టారు. ఎంత నున్నగా ఉందో, ముఖం కూడా కనిపిస్తోందన్నాడు కూర్మయ్య. మూత తీసి చూస్తే లోపల ఏమీ లేదు. భద్రాచలం సన్యాసిరావుకి ఫోన్ చేసి, కొత్తది తెచ్చుకున్నాం, లోపల ఖాళీగా ఉందేమిటని నిలదీశాడు. వీళ్ళు ఇంకెక్కడో కొనుక్కున్నారని అతనికి మండింది. కొత్తది ఖాళీగానే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మీరే వేసుకోవాలి అని ఫోన్ పెట్టేశాడు.

సాఫ్ట్ అంటే మెత్తన అని కూర్మయ్యకి తెలుసు, అతను ఐదో తరగతి దాకా చదివాడు. సింహాలమ్మ వెంటనే పప్పు నానబోసింది. మర్నాడు పొద్దున్నే మల్లెపువ్వుల్లాంటి ఇడ్లీలు దించి, వేడివేడిగా నాలుగు అందులో వేసి మూతపెట్టింది. సాయంత్రం దాకా చూశారు. అచ్చు పడలేదు, చీమలు పట్టాయి. మెత్తదనం చాల్లేదేమోనని రెండో రోజు ఇంకా మెత్తగా వండింది. చీమలు కూడా రెట్టింపు వచ్చాయి.

అప్పుడు దాలినాయుడు వచ్చాడు. గడువు ఇంక మూడు రోజులుందని, కాదంటే జంక్షన్లో ఇచ్చేస్తానని చెప్పి పోయాడు. నాన్న పెట్టిన ప్రెస్సు తన చేతుల్లోనే మూతపడుతుందా అనిపించింది భద్రాచలానికి. ఇంత తెలివి ఉండి కూడా ఇలా ఎందుకవుతోందో అతనికి బోధపడలేదు. లోకంలో తెలివితక్కువవాళ్ళు పెరిగిపోవడం వల్లే అని సరిపెట్టుకుని, ఆఖరిసారి సన్యాసిరావుకి ఫోన్ చేశాడు. మీకు అంత అవసరం ఉంటే ఇంక ఆగకండి, కళ్ళు మూసుకుని కొనుక్కోండి అన్నాడు సన్యాసిరావు.

ఇన్నాళ్ళకి ఒక్క తిన్నని మాట దొరికింది. ముగ్గురూ టౌన్లో బస్సు దిగుతూనే కళ్ళు మూసుకున్నారు. ముందు భద్రాచలం, అతని భుజం పట్టుకుని సింహాలమ్మ, ఆవిడ కొంగు పట్టుకుని కూర్మయ్య. చెరుకు రసం బండిని గుద్దుకుని, ఆవు కొమ్ములు తడిమి క్షమించమని అడిగి, చివరికి ఒక గుమ్మం ఎక్కారు. అది సన్యాసిరావు దుకాణం పక్కనున్న కళ్ళ డాక్టరు గారి గది. ఒకే ఇంట్లో ముగ్గురికి ఒకేసారి చూపు పోయిందనుకుని ఆయన హడలిపోయాడు. వాళ్ళని కూర్చోబెట్టి, కళ్ళలో చుక్కలు పోసి, గంటసేపు కళ్ళు తెరవద్దన్నాడు. మేము వచ్చిందే అందుకు అన్నాడు భద్రాచలం.

డాక్టరు గారి కాంపౌండరు జాలిపడి ముగ్గుర్నీ పక్క దుకాణానికి చేర్చాడు. కళ్ళు మూసుకుని నిలబడిన వాళ్ళని చూసి సన్యాసిరావు లోపలికి వెళ్ళి, మూడేళ్ళ నుంచి ఎవరూ కన్నెత్తి చూడని ఒక కంప్యూటరు దుమ్ము దులిపి తెచ్చి వాళ్ళ చేతుల్లో పెట్టాడు. అంత సుఖంగా బేరం చెయ్యడం అతనికి జన్మలో అదే మొదలు. ఆ సంతోషంలో నోరు జారి, నా నెత్తిన పాలు పోశారండీ అన్నాడు. ఇంకా పోయలేదే అని సింహాలమ్మ నొచ్చుకుంది. గంట అయ్యాక కళ్ళు తెరిచి, ఎదురుగా టీ కొట్లో రెండు పాల ప్యాకెట్లు కొని, వచ్చి పోసేసింది. సన్యాసిరావు బల్లమీదున్న మూడు కొత్త కంప్యూటర్లు కూడా తడిశాయి. అతను ఏదో అరుస్తుండగానే బస్సు వచ్చింది, వీళ్ళు ఎక్కేశారు.

కంప్యూటరు పాతదైతేనేం, పనిచేసింది. దాలినాయుడికి కబురు పెట్టారు. ఇన్నాళ్ళూ జనం కాగితం మీద రాసిస్తే భద్రాచలం చూసి దించేవాడు. దాలినాయుడికి రాసే ఓపిక లేదు. నీడలో కుర్చీ వేసుకుని, నేను చెప్తాను, నా నోట్లోంచి వచ్చింది ఒక్క అక్షరం పొల్లుపోకుండా కొట్టండి అన్నాడు. చెప్పడం అయ్యాక, నాకు మళ్ళీ వచ్చి చూసే తీరిక లేదు, అచ్చేసి మీరే పంచేయండి, వియ్యాలవారికి ముందు పంపండి అని వెళ్ళిపోయాడు.

అంతే. మర్నాటికల్లా ఐదొందల శుభలేఖలు అచ్చయ్యాయి. పంచడం కూడా అయిపోయింది. పసుపు రాసిన కార్డు మీద మెరిసే అక్షరాలతో ఇలా ఉంది.

"మా ఏకైక కుమార్తె చి.ల.సౌ. హేమలతను, ఆగండి దగ్గొస్తోంది, చి. వసంతకుమారునకు, ఇంటిపేరు నోట్లో ఆడుతోంది తర్వాత చెప్తాను, ఇచ్చి వివాహము చేయ పెద్దలు నిశ్చయించినారు. వియ్యపురాలికి నోరెక్కువ, ఆవిడ పేరు అందరికన్నా ముందు వెయ్యండి. మా బావమరిది వట్టి తిండిపోతు, వాడి పేరు అడుగున సన్నగా వేసెయ్యండి. విందు పదకొండు గంటలకు. నాలుగొందలమందికే వండిస్తున్నాం, ఊరంతా ఎగబడితే నేనేం చెయ్యను. ఇంక చాలు, కాసిన్ని మంచినీళ్ళియ్యండి."

ఊరు ఊరంతా అరుగుల మీద కూర్చుని చదువుకుంది. బావమరిది కార్డు పుచ్చుకుని వీధిలోకొచ్చాడు. వియ్యపురాలు కారులో వచ్చింది. దాలినాయుడు ఆవిడ ముందు చేతులు కట్టుకుని, కాళ్ళావేళ్ళా పడి, పెళ్ళి ఆగకుండా చూసుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అక్కణ్ణుంచి తిన్నగా ప్రెస్సుకొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు.

భద్రాచలం గర్వంగా లేచి ఎదురెళ్ళాడు.

"ఒక్క అక్షరం పోలేదు కదండీ?"

"ముందు ఆ కంప్యూటర్ని తీసుకెళ్ళి గంగలో పడేయండి," అన్నాడు దాలినాయుడు.

ఆసామి మాట ఆసామి మాటే. భద్రాచలానికి బాధ కలిగింది, వచ్చి రెండు రోజులు కాలేదు, ముచ్చటైనా తీరలేదు. అయినా పెద్ద రైతు మాట కాదంటే ఇంకో పని వస్తుందా? ఇంటి వెనక కాలవలో వేసేద్దామన్నాడు కూర్మయ్య. గంగలో అన్నాడు, కాలవలో అనలేదని అన్న కసిరాడు. ఇంకేముంది, ఇంటికి తాళం పడింది. ముగ్గురూ కంప్యూటర్ని వంతులవారీగా ఒళ్ళో పెట్టుకుని, రైళ్ళు మారి మారి, మూడో రోజుకి కాశీ చేరారు. పడవ మాట్లాడుకుని నది నడిమధ్యకి వెళ్ళారు.

కూర్మయ్య పెట్టెని రెండు చేతులా ఎత్తాడు. సింహాలమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. సంచిలోంచి రెండు పాలిథిన్ కవర్లు తీసి, ఒకదానిలో ఒకటి దూర్చి, కంప్యూటర్ని అందులో పెట్టి, మూతి గట్టిగా బిగించి ముడివేసింది. నీళ్ళు లోపలికి పోతే పాడైపోతుంది కదా, ఇప్పుడు వెయ్యి అంది.

నీకు ఈ తెలివి మా ఇంటికొచ్చాకే వచ్చిందే అన్నాడు భద్రాచలం. కూర్మయ్య వేసేశాడు.