కిటికీలోంచి పడిన చెప్పు

విశాఖపట్నంలో ఫణీంద్ర అని ఒక పీజీ విద్యార్థి ఉండేవాడు. తెలివైనవాడే గానీ, ఎదుటివాళ్లు ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేసే తొందర మనిషి. హోటల్లో పక్కాయన దగ్గితే చాలు, "చట్నీలో కారం ఎక్కువైంది" అని తేల్చేసేవాడు. పాపం, ఆ పక్కాయనకి వారం నుంచీ జలుబు.

అతను చదివే చదువు పేరు అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్. పేరు చూసి బెదిరిపోకండి. ఒక మనిషి ఒకే పని మళ్లీ మళ్లీ ఎందుకు చేస్తున్నాడో కనిపెట్టి, మేలు చేసే దారి చూపించే చదువు అది. అందుకోసం కాగితం మీద మూడు గళ్లు గీసుకుంటారు. ముందు ఏం జరిగింది? అప్పుడు ఆ మనిషి ఏం చేశాడు? తర్వాత ఏం జరిగింది? కళ్లతో చూసింది చూసినట్టు రాయాలి. ఓపిగ్గా రాస్తూ పోతే అసలు కారణం ఏదో ఒక రోజు బయటపడుతుంది. సరదాగా ఉండే చదువే, కాకపోతే ఓపిక కావాలి. అదే మనవాడి దగ్గర లేదు.

రెండో ఏడాది ప్రాక్టికల్స్ కోసం ఫణీంద్రని ఒక చిన్న బడికి పంపారు. అక్కడ రెండో తరగతిలో నూకరత్నం అనే ఏడేళ్ల పిల్ల ఉండేది. ఆ పిల్లకి మాటలు రావు. బొమ్మలకి రంగులు మాత్రం గీత దాటకుండా ముచ్చటగా వేసేది. అయితే రోజూ పదకొండు దాటిందంటే కాలి చెప్పు తీసి కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరేసేది. క్లాసంతా గొల్లున నవ్వేది. ఎవరు పారేసింది వాళ్లే తెచ్చుకోవాలని ఆ బడిలో రూలు. అందుకని ఆయా పైడమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లి, చెప్పు తొడిగి తీసుకొచ్చేది.

"మొన్న రోడ్డున పోయే పెద్దాయన నెత్తిన పడింది బాబూ!" అన్నారు హెడ్మిస్ట్రెస్ సుగుణ గారు. "ఈ పిల్లకి ఇది మూడో బడి. వాళ్లమ్మ చేపల బుట్ట గేటు దగ్గర దింపి, నా రెండు చేతులూ పట్టుకుని బతిమాలింది. నాకూ జాలే. కానీ నెలాఖరుకి ఇది మానకపోతే టీసీ ఇవ్వడం తప్ప నేనేం చెయ్యలేను."

ఫణీంద్రకి ఎక్కడలేని కుతూహలం పుట్టింది. చెప్పే ఎందుకు? పదకొండు దాటాకే ఎందుకు? మంచి ప్రశ్నలే. రెండు రోజులు వెనక బెంచీలో కూర్చుని చూశాడు. మూడో రోజు పొద్దున బస్సులోనే తొడ చరుచుకున్నాడు.

"తెలిసిపోయింది! నలుగురూ తనవైపు చూడాలని విసురుతోంది!"

ఇక చూడ్డానికేముంది? ఆ రోజు నుంచి మొదటి గడిని బస్సులోనే నింపేసేవాడు: 'టీచర్ వేరే పిల్లలతో మాట్లాడుతోంది.' చివరి గడిలో, 'అందరూ చూసి నవ్వారు.' పైడమ్మా ఆ పిల్లా గుమ్మం దాటగానే పెన్ను మూసేసేవాడు.

అతని గైడు వరూధిని మేడమ్ కాగితాలన్నీ తిరగేశారు.

"గది బయట ఏం జరుగుతోంది ఫణీంద్రా?"

"చెప్పు తెచ్చుకుంటారు మేడమ్, అంతే."

"నువ్వు వెళ్లి చూశావా? వాళ్లని అడిగావా?"

"ఆఁ, చూశాను మేడమ్!"

ఎంత సులువుగా అనేశాడో! ఆ ఒక్క మాట నమ్మి ఆవిడ సరేనన్నారు.

మర్నాడు ఫణీంద్ర బడిలో కొత్త పద్ధతి పెట్టాడు. చెప్పు విసిరినా ఎవరూ అటు చూడకూడదు, నవ్వకూడదు. పైడమ్మ ఒక్కతే వెళ్లి చెప్పు తేవాలి. పిల్లని మాత్రం బయటికి తీసుకెళ్లకూడదు. "చూసేవాళ్లు లేకపోతే విసరడం దానంతటదే మానేస్తుంది" అన్నాడు ధీమాగా.

మానిందా? మొదటి రోజు రెండు చెప్పులూ పోయాయి. రెండో రోజు పలక పోయింది. మూడో రోజు పక్కపిల్ల టిఫిన్ డబ్బా ఇడ్లీలతో సహా రోడ్డున పడింది. నూకరత్నం కుదురుగా కూర్చోలేకపోయేది, గుమ్మంవైపు చూస్తూ కాళ్లు నేలకేసి కొట్టేది. సుగుణ గారు కంగారుపడి ఫణీంద్రని పిలిపించారు.

"పెరుగుతోంది కదయ్యా!"

"పెరగాలి మేడమ్! పట్టించుకోవడం మానేస్తే, తగ్గేముందు ఒకసారి పెరగచ్చని మా పుస్తకంలోనే ఉంది. అంటే నేను చెప్పింది నిజమన్నమాట!" అంటూ గ్రాఫు గీసి మరీ చూపించాడు.

చూశారా తమాషా! పుస్తకం చెప్పింది అబద్ధం కాదు. కానీ కారణం తప్పయితే ఆ మాట ఇక్కడికి ఎలా వర్తిస్తుంది? అడ్డం తిరిగిన ప్రతిదాన్నీ మనవాడు తన గెలుపు కింద రాసుకున్నాడు.

నాలుగో రోజు పదకొండున్నర అయినా నూకరత్నం ఏమీ విసరలేదు. ఫణీంద్ర మురిసిపోయి గడియారం చూసి రాసుకోబోయాడు. ఇంతలో ముందు బెంచీలో ఎవరో "ఛీ ఛీ!" అన్నారు. నూకరత్నం గౌను తడిసిపోయింది. బెంచీ కింద నేలంతా తడి. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుతుంటే, ఆ పిల్ల గౌను రెండు చేతులతో కప్పుకుని, గోడవైపు తిరిగి శబ్దం రాకుండా ఏడ్చింది.

పైడమ్మ పరుగున వచ్చి పిల్లని ఎత్తుకుంది. ఈసారి ఫణీంద్ర వాళ్ల వెనకే వెళ్లాడు. వరండా చివర, రోడ్డు మీదికి పోయే గేటు పక్కనే బాత్రూం ఉంది. అన్ని రోజుల్లోనూ అతను అటు తొంగి చూడలేదు.

"ఆయమ్మా, చెప్పు కోసం వెళ్లినప్పుడు ఏం జరిగేది?" అని అడిగాడు.

"ఏటి బాబూ అలాగడుగుతారు? దారిలో బాత్రూంలోకి దూరిపోయీది కదా! అయ్యాక కడిగి, చెప్పు తొడిగి తెచ్చీదాన్ని. ఇంటర్వెల్లో అంతమంది పిల్లలు తోసుకుంటంటే ఈ గుంటకి బయ్యం, అటెల్లదు. నోరు లేదు, అడగలేదు. చెప్పు పడితే నేను తీసుకెల్తానని దానికి తెలిసిపోనాది. ఇప్పుడు మీరొద్దన్నారు. ఎన్ని రోజులని ఆపుకుంటాది?"

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"రోజూ అంతలాగ రాసుకుంటన్నారు, మీకు తెలిసే ఉంటాదనుకున్నాను. నన్నెవులడిగారు?"

ఫణీంద్రకి అప్పుడు అర్థమైంది. మాటలు లేని పిల్ల తన కష్టం తీరే దారి తనే కనిపెట్టుకుంటే, ఆ దారిని అతను మూసేశాడు.

ఆఫీసు గదిలో సుగుణ గారు నెలాఖరు దాకా ఆగకుండా, అప్పటికే టీసీ పుస్తకం తీసి పిల్ల పేరు రాస్తున్నారు. ఫణీంద్ర ఊరుకుంటే అతని గ్రాఫుకి మార్కులు వచ్చేవే. పిల్ల వెళ్లిపోతే అడిగేవాళ్లుండరు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. గోడవైపు తిరిగి ఏడ్చిన పిల్లే కళ్లలో మెదిలింది.

"మేడమ్, తప్పు పిల్లది కాదు, నాది. ఈ కాగితాల్లో మొదటి గడి నేను చూసి రాసింది కాదు. బస్సులో రాసింది" అన్నాడు. తర్వాత పైడమ్మ చెప్పిందంతా చెప్పాడు.

సుగుణ గారు కళ్లజోడు తీసేశారు. "అయితే మొన్న గ్రాఫు చూపించిన నిన్ను నమ్మాలా, ఇవాళ్టి నిన్ను నమ్మాలా?"

"నన్ను నమ్మకండి మేడమ్. వారం ఆగి, మీరే వచ్చి చూడండి."

ఆ సాయంత్రమే వరూధిని మేడమ్‌కీ ఫోన్ చేసి నిజం చెప్పాడు. "ఈ కేసు ఇక నా ఎదురుగానే చేస్తావు. నీ ప్రాక్టికల్స్ మళ్లీ మొదటి నుంచి" అన్నారావిడ. అతను ఒప్పుకున్నాడు.

మర్నాడు వరూధిని మేడమ్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఫణీంద్ర ఈసారి పైడమ్మనే సలహా అడిగాడు. "లోపలికెల్లగానే ముందు ఎర్ర మగ్గు పట్టుకుంటాది బాబూ" అంది ఆమె. అతను అట్ట ముక్క మీద ఎర్ర మగ్గు బొమ్మ వేసి, నూకరత్నం బెంచీకి దారంతో కట్టాడు. పిల్ల చెప్పు మీదికి వంగినప్పుడల్లా పైడమ్మ ఆ అట్టని చేతికందించి, టీచర్‌కి చూపించి, వెంటనే బాత్రూంకి తీసుకెళ్లేది. ఫణీంద్ర గేటు దాకా వెళ్లి, చూసింది చూసినట్టు రాసేవాడు.

వారం గడిచింది. సుగుణ గారు తలుపు పక్కన నిలబడి చూస్తున్నారు. పదకొండు దాటింది. నూకరత్నం కదిలింది. కాలివైపు చూసింది. ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే అట్ట ముక్కని దారంతో సహా లాగేసి, పరుగున వచ్చి, సుగుణ గారి చేతిలో పెట్టింది. పెట్టి, ఆవిడ వేలు పట్టుకుని గుమ్మంవైపు లాగింది.

"పద తల్లీ, పద! నేనే తీసుకెళ్తాను" అన్నారు సుగుణ గారు. తిరిగి వచ్చాక టీసీ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశారు.

నీతి: ఎదుటివారు ఒక పని ఎందుకు చేస్తున్నారో చివరిదాకా చూడాలి, తెలిసినవాళ్లని అడగాలి. చూడకుండా, అడగకుండా మనమే కారణం రాసేసుకుంటే, మన తొందరకి శిక్ష ఏ పాపం తెలియనివాళ్లు అనుభవిస్తారు.