ధర్మభైరవుడి తీర్పు

ఒకానొక రాజ్యంలో జనం పులికి భయపడేవారు కాదు, దొంగలకు భయపడేవారు కాదు, ఒక కుక్కకు భయపడేవారు. ఆ రాజ్యం పేరు శంఖగిరి. దాన్ని ఏలే రాజు ప్రచండదేవుడు.

ప్రచండదేవుడు స్వతహాగా చెడ్డవాడు కాదు. కానీ తన గొప్ప మీద తనకు మోజు ఎక్కువ. పొద్దున్నే వందిమాగధులు ఆయన బిరుదులన్నీ చదివి ముగించేదాకా కొలువులో ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. బంగారు తొడుగు వేసిన రాజదండం ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. మాట్లాడేటప్పుడు దాన్ని గాలిలో ఆడిస్తూ మాట్లాడేవాడు.

ఆ ఏడు సరిహద్దులో ఒక కోట శత్రువుల పాలైంది. కోటగోడలు బీటలు వారాయి, బాగుచేయించండి మహాప్రభో అని సేనాపతి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా రాజు వినిపించుకోలేదు. తీరా కోట పోయాక తప్పు తనదని ఒప్పుకోవడం ఆయనకు చేతకాలేదు. "మన కొలువులో ద్రోహి ఎవడో ఉన్నాడు" అన్నాడు. అన్న తర్వాత ఆ మాటను తనే గట్టిగా నమ్మాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అడవిసీమ దొర ఒకడు రాజుగారికి ఒక వేటకుక్కను కానుకగా పంపాడు. దూడంత ఎత్తు, కాటుకలాంటి నలుపు. దాన్ని కొలువులోకి తెచ్చినప్పుడు ముసలి రాజవైద్యుడు అయ్యలార్యుడు, ఎంత బాగుందో చూద్దామని చేతికర్ర ఊతంగా దగ్గరికి వెళ్లాడు. కుక్క పళ్లు బయటపెట్టి గుర్రుమంది.

"చూశారా! ద్రోహిని పసిగట్టింది!" అంటూ రాజు సింహాసనం మీంచి లేచాడు.

అంతే, అయ్యలార్యుణ్ణి చెరసాలలో వేశారు. కుక్క మెడకు బంగారు పట్టెడ వచ్చింది. ధర్మభైరవుడు అని పేరు వచ్చింది. కొన్నాళ్లకు పూలు కట్టే నాంచారి స్తంభానికి దండ వేలాడదీద్దామని చెయ్యి పైకెత్తితే కుక్క ఆమె మీదికి ఎగిరింది. ఆమెనూ చెరసాలకు తోశారు. ఇంట్లో ఆమె చంటిపిల్ల పాలకోసం ఏడుస్తోందని చెప్పడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు.

ఆపైన రాజు చాటింపు వేయించాడు. వచ్చే పౌర్ణమినాటి ఉదయం కొలువులో ఉన్నవాళ్లందరూ ఒక్కొక్కరుగా ధర్మభైరవుడి ముందు నుంచి నడవాలి. అది ఎవరిని చూసి గుర్రుమంటే వాళ్లు ద్రోహులు. రానివాళ్లూ ద్రోహులే. చెరసాలలో ఉన్నవాళ్లతో సహా ద్రోహులందరి తలలూ ఆ రోజే తీస్తారు. తీర్పుకు తిరుగు లేదు.

ఆ చాటింపు విన్నప్పటినుంచి కొండుభట్టుకు అన్నం సహించలేదు. కొండుభట్టు ఆ కొలువులో హాస్యగాడు. రాజుగారికి కోపం వస్తే చల్లార్చడం, నిద్ర వస్తే లేపడం అతని పని. నోరు విప్పితే మంత్రులు సైతం పొట్టలు పట్టుకునేవారు. అలాంటివాడికి కుక్కంటే ప్రాణభయం. చిన్నప్పుడు పిక్క కరిచిన కుక్క ఇప్పటికీ కలలోకి వచ్చేది. వీధిలో ఏ కుక్కపిల్ల ఎదురైనా పక్క సందులోకి తిరిగి, చుట్టూ తిరిగి ఇంటికి చేరేవాడు.

"మీరేం తప్పు చేశారని? మిమ్మల్ని చూసి అదెందుకు గుర్రుమంటుంది?" అంది అతని భార్య పాపాంబ.

"అయ్యలార్యులుగారు ఏం తప్పు చేశారు? కిందటేడు నీ జ్వరం తగ్గించారు. అంతకుమించి ఆయన చేసిన ద్రోహం నాకు తెలియదు."

పాపాంబ గరిటె కింద పెట్టేసింది. "అయితే ఎక్కడికైనా వెళ్లిపోదామండీ. మా పుట్టింటికి పోదాం."

"పోతే నేనే ద్రోహిని. మీ నాన్నగారి తల కూడా పోతుంది."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొండుభట్టు ఆమెను నవ్వించాలని చూశాడు. ఒక్క మాటా తోచలేదు. హాస్యగాడయ్యాక అతనికి అలా జరగడం అదే మొదలు.

చావు ఎలా ఉంటుందో ముందే ఒకసారి చూసి వద్దాం అనుకున్నాడో ఏమో, మర్నాడు మధ్యాహ్నం ఏనుగుల సాల వెనక ఉన్న కుక్కలకొట్టం వైపు నడిచాడు. కొట్టం గోడకు ఒక చిన్న కిటికీ ఉంది. ఊపిరి బిగబట్టి అందులోంచి తొంగిచూశాడు.

లోపల కాపరి రణమల్లు కొరడా పట్టుకుని నిలబడ్డాడు. అతను చెయ్యి ఎత్తకముందే కుక్క తల పక్కకు తిప్పుకుంది. రణమల్లు ఇంకో అడుగు వేశాడు. అది మూతి నాక్కుంది, నిద్ర రాకపోయినా ఆవలించింది. తోక కాళ్లమధ్యకు పోయింది. ఒళ్లంతా చిన్నదైపోయి గోడకు అంటుకుపోయింది. ఇంక వెనక్కి పోవడానికి చోటు లేదు. కొరడా పైకి లేచింది. అప్పుడు, ఆఖరున, పళ్లు బయటపెట్టి గుర్రుమంది.

కొరడా దెబ్బ పడింది. కొండుభట్టు కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచి మళ్లీ ఆ కుక్కను చూశాడు. ఈ తల తిప్పుకోవడం, ఈ పెదవులు తడుపుకోవడం, ఈ గోడకు అంటుకుపోవడం అతనికి కొత్తవి కావు. రాజుగారు కోపంగా చూసినప్పుడల్లా కొలువులో తామందరూ చేసే పనులే అవి.

"అయ్యో! నువ్వూ నాలాగే భయపడి చస్తున్నావా!" అనుకున్నాడు.

అయ్యలార్యుడి చేతికర్ర గుర్తొచ్చింది. పైకి లేచిన నాంచారి చెయ్యి గుర్తొచ్చింది. దాని ఒంటిమీద ఇక్కడికి రాకముందటి పాత మచ్చలూ ఉన్నాయి. దానికి ద్రోహం తెలియదు. కొరడా తెలుసు.

తెలిసినంతమాత్రాన భయం పోలేదు. రణమల్లు భోజనానికి వెళ్లే వేళ చూసి, పాపాంబ చేత వెన్న రాసిన జొన్నరొట్టె మూట కట్టించుకుని మళ్లీ వెళ్లాడు. తలుపు తీసి లోపల అడుగు పెట్టాడు. నిలబడలేక గుమ్మం దగ్గరే చతికిలపడ్డాడు. కుక్క కళ్లలోకి చూసే ధైర్యం లేక పక్కకు తిరిగి కూర్చున్నాడు. వణుకుతున్న చేత్తో రొట్టెముక్క ఒకటి దానివైపు విసిరాడు.

గొలుసు చప్పుడైంది. తర్వాత నమిలిన చప్పుడైంది. అతను తల తిప్పి చూడలేదు, దగ్గరికి పోలేదు. మూట అయిపోగానే పాక్కుంటూ బయటపడి, గోడకు చేరబడి చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

పిరికితనంతో చేసిన ఆ పనే మంచిదైంది. నిలబడి మీదికి పోనివాణ్ణి, కళ్లలోకి గుచ్చి చూడనివాణ్ణి ఆ కుక్క అంతవరకూ చూసి ఎరుగదు. రోజూ అతను వచ్చేవాడు, పక్కకు తిరిగి కూర్చునేవాడు. రోజూ రొట్టెముక్క కాస్త దగ్గరగా పడేది. ఒకనాడు అతని మోచేతికి తడిముక్కు తగిలింది. కొండుభట్టు కదల్లేదు. గొంతు తగ్గించి, "నల్లోడా, నేనూ నీలాంటివాణ్ణే" అన్నాడు. అది అతని పక్కనే పడుకుంది. అప్పుడు మొదటిసారి దాని మెడ కింద వేలితో గోకాడు. పట్టెడ కింద చర్మం ఒరుసుకుపోయి పచ్చిగా ఉంది. ఆ మర్నాటి నుంచీ రొట్టెతోపాటు కొబ్బరినూనె కూడా తెచ్చి రాసేవాడు. అరచెయ్యి నేలవైపు దించి "కూర్చో" అనేవాడు. కూర్చుంటే రొట్టె పెట్టేవాడు, కూర్చోకపోతే ఊరుకునేవాడు. కొన్నాళ్లకు చెయ్యి దించితే చాలు, కూర్చోవడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం తలుపులో నీడ పడింది. రణమల్లు! చేతిలో కొరడా ఉంది, మొహం పాలిపోయి ఉంది.

"భట్టుగారూ, మీరు దాన్ని మెత్తబరుస్తున్నారు. అది గుర్రుమనకపోతే నా తల తీయిస్తానన్నారు ఏలినవారు. నాకూ పెళ్లాం బిడ్డలున్నారు."

కొండుభట్టు అతని చేతిలోని కొరడా చూశాడు. అదీ వణుకుతూనే ఉంది.

"రణమల్లూ, నీ తలకు నా తల పూచీ. పౌర్ణమి దాకా ఎవరికీ చెప్పకు. ఆ కొరడా కూడా ఎత్తకు."

"మీ తలే ఉంటుందో ఉండదో" అన్నాడు రణమల్లు. కానీ ఎవరికీ చెప్పలేదు. కొరడా మేకుకు తగిలించేశాడు.

పౌర్ణమినాటి ఉదయం వచ్చింది. కొలువు నిండుగా ఉంది కానీ శ్మశానంలా ఉంది. మహామంత్రి పెదవులు కదుపుతూ ఏదో స్తోత్రం చదువుకుంటున్నాడు. నడిమధ్య ధర్మభైరవుణ్ణి గొలుసుతో కట్టేశారు. పక్కనే ఇద్దరు భటులు, గుర్రుమన్నవెంటనే ద్రోహిని పట్టుకోవడానికి.

"ఎవరు ముందు?" అని రాజు కలయజూశాడు. చూపు కొండుభట్టు మీద ఆగింది. "భట్టూ, నువ్వే నడు."

కొండుభట్టు ఒక అడుగు ముందుకు వేసి చేతులు జోడించాడు.

"ఆజ్ఞ ప్రభూ. ఒక చిన్న సందేహం. ద్రోహిని చూస్తే ధర్మభైరవుడు గుర్రుమంటాడు, అది చూశాం. ఏ మచ్చా లేని మనిషిని చూస్తే ఏం చేస్తాడో మేమెవరం చూడలేదు. అది తెలియకపోతే మంచివాడెవరో ఎలా పోల్చుకోవడం? ఈ రాజ్యంలో మచ్చలేనివారు ఎవరో నేను వేరే చెప్పాలా?"

రాజు మొహం వెలిగిపోయింది. "నిజమే! చూసి నేర్చుకోండి" అంటూ సింహాసనం దిగాడు. వందిమాగధులు బిరుదులు చదవడం అందుకున్నారు. రాజు రాజదండం పైకెత్తి, ఛాతీ విరుచుకుని, కుక్క కళ్లలోకి గుచ్చి చూస్తూ నడిచాడు.

కుక్క తల పక్కకు తిప్పుకుంది. మూతి నాక్కుంది. ఆవలించింది. రాజు ఇంకా దగ్గరికి వచ్చాడు. రాజదండం దాని తలమీద తళుక్కుమంది.

ధర్మభైరవుడు పళ్లన్నీ బయటపెట్టి గుర్రుమన్నాడు.

అలవాటుకొద్దీ భటులిద్దరూ చటుక్కున ముందుకు దూకి రాజుగారి చేతులు పట్టుకోబోయారు. పట్టుకోబోతున్నది ఎవరినో తెలిసి, అక్కడికక్కడే కొయ్యబారిపోయారు. బిరుదులు సగంలో ఆగిపోయాయి. ఎవరి తల పోబోతోందో ఎవరికీ తెలియదు.

"చంపండి! ఆ కుక్కను చంపండి!" అని రాజు అరిచాడు.

కొండుభట్టు కుక్కకూ భటులు దూసిన కత్తులకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. పంచె వణుకుతోందని అందరికీ కనబడుతూనే ఉంది.

"ప్రభూ, ఆగండి! ఇప్పుడు దాన్ని చంపితే, అది చెప్పింది నిజమని ఊరంతా అనుకుంటుంది."

రాజు చెయ్యెత్తి భటులను ఆపాడు.

"అయితే... దాని తీర్పు తప్పంటావా?"

"అది తప్పు చెప్పలేదు. మనమే తప్పుగా విన్నాం. అది ఇంతవరకూ 'ద్రోహి' అని ఒక్కసారీ అనలేదు ప్రభూ. 'కొట్టొద్దు' అంది. అయ్యలార్యుడి కర్రను చూసి అదే అంది, నాంచారి చెయ్యి చూసి అదే అంది. తల తిప్పి ఒకసారి, ఆవలించి ఒకసారి మెల్లిగా చెప్పింది. ఎవరూ వినకపోతే పైకి చెప్పింది."

అంటూనే అతను నేలమీద పక్కకు తిరిగి కూర్చున్నాడు. అరచెయ్యి దించాడు. కొలువంతా చూస్తుండగా ఆ నల్లటి కుక్క వచ్చి కూర్చుని, అతని ఒళ్లో తల పెట్టింది.

"తమరు కూడా రాజదండం పక్కన పెట్టి ఇక్కడ కూర్చుంటే..." అన్నాడు కొండుభట్టు. అనేశాక తన మాటకు తనే హడలిపోయాడు. ఆ వంశపు రాజును నేలమీద కూర్చోమన్నవాడు ఎవడూ బతకలేదు.

ప్రచండదేవుడు కుక్కను చూశాడు. కొలువును చూశాడు. రాజదండం మహామంత్రి చేతికిచ్చి, పట్టుబట్టలతో మెల్లిగా నేలమీద చతికిలపడ్డాడు. కొండుభట్టు పంచె మడతలోంచి తీసి ఇచ్చిన రొట్టెముక్క అరచేతిలో పెట్టుకున్నాడు. ఆ చెయ్యీ కాస్త వణికింది.

కుక్క మెడ చాపింది. వాసన చూసింది. రొట్టె తిని, రాజుగారి అరచెయ్యి శుభ్రంగా నాకింది.

రాజు తల ఎత్తి, "భట్టూ, ఇంత తెలిసినవాడివి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. గొంతులో కోపం ఉందో లేదో ఎవరికీ అంతుపట్టలేదు.

"ప్రభూ, మేమూ రోజూ తల తిప్పుకుంటూనే ఉన్నాం, మూతులు నాక్కుంటూనే ఉన్నాం. సేనాపతిగారైతే కోట పోయినప్పటినుంచీ కోటగోడల సంగతి వచ్చినప్పుడల్లా ఆవలిస్తున్నారు. గుర్రుమనే ధైర్యం మాత్రం ఈ కొలువులో దీనికొక్కదానికే ఉంది."

సేనాపతి మొహం తెల్లబోయింది. మహామంత్రి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

రాజు మొదట ముక్కుతో నవ్వాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఆపుకోలేక పకపకా నవ్వాడు. ఆ నవ్వు విన్నాకగానీ కొలువులో వాళ్లకు ఊపిరి ఆడలేదు.

"అయ్యలార్యులను విడిచిపెట్టండి. నాంచారిని పల్లకీలో ఇంటికి పంపండి, పిల్ల దగ్గరికి. ఇద్దరినీ నేనే వెళ్లి క్షమాపణ అడుగుతాను. సేనాపతీ, కోటగోడల మాట రేపు చెప్పు, వింటాను" అన్నాడు రాజు. తన మెడలోని ముత్యాలహారం తీసి కొండుభట్టు మెడలో వేశాడు. రణమల్లుకు పట్టుశాలువా ఇచ్చి, కొరడాను పొయ్యిలో పెట్టమన్నాడు.

ఇంతలో ఆ పెద్ద నవ్వుకు బెదిరి కుక్క ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకు తిప్పుకుంది. అది రాజు కంటపడింది. కొలువంతా ఇంకా నవ్వుతూనే ఉంటే, "ష్! మెల్లిగా!" అని అందరినీ వారించి, ప్రచండదేవుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నేలమీద కూర్చునే, చప్పుడు కాకుండా కడుపుబ్బ నవ్వాడు.