మేజరు మెడలో గంటలు

ఎర్రగుట్ట కింద మేసే గొర్రెల మందకి పొట్టేళ్ల దండు కాపలా. ఆ కాల్బలానికి మేజరు రణసింగం అనే ముసలి పొట్టేలు. పడుచుతనంలో ఒక తోడేలు దవడ పగలగొట్టాడు, అది నిజమే. అందుకు మంద పెద్దలు ఆయన మెడలో మొదటి ఇత్తడి గంట కట్టారు. ఆ తర్వాతి గంటలన్నీ గట్టు మీద నిలబడి సంపాదించినవే. కింద పొట్టేళ్లు కుమ్మేవి, పైన ఆయన దగ్గేవాడు, గంట ఆయనకి పడేది.

మెడ నిండాక కొత్త ఆజ్ఞ వేశాడు. "అధికారి మొహంలోకి చూడటం మర్యాద కాదు. తలలు దించి, నా గంటల చప్పుడు విని నడవండి."

"మంచులో ఆ చప్పుడు నీదేనని ఎలా తెలుస్తుంది దొరా?" అంది కుంటి గొర్రె పుల్లమ్మ.

"ఇన్ని గంటలు ఇంకెవడికున్నాయే?" అని ఇకిలించాడు రణసింగం.

ఆ మాట పొదలో ఉన్న నక్క విన్నది. మర్నాడు పొద్దున్నే మంచులో వచ్చి దండం పెట్టింది.

"అయ్యో మేజరుగారూ! ఇంతటి వీరుడి గంటలకి ఈ చిలుమేమిటండీ? ఇటివ్వండి, చింతపండుతో తోమి తెస్తాను."

"మెరుస్తాయా?"

"మీ మొహం మీకే కనబడుతుంది."

ఆ ఒక్క మాటకి రణసింగం మెడ వంచాడు.

నక్క గంటలు తన మెడలో వేసుకుని గణగణలాడించింది. దండు లేచింది, వెనకే మంద లేచింది. తలలు దించి, ముందున్నదాని తోక చూసుకుంటూ, తోడేళ్లు కాచుకున్న లోయ వైపు సాగిపోయాయి.

రణసింగం పరుగెత్తి అడ్డం పడ్డాడు. "ఆగండ్రా! నేనిక్కడున్నాను!"

"ఎవడ్రా నువ్వు?" అంది ముందు వరస పొట్టేలు, తలెత్తకుండానే.

"మీ మేజర్నిరా!"

"మేజరుగారు ముందు నడుస్తున్నారు. చెవుడా నీకు?"

"ఒక్కసారి నా మొహం చూడరా!"

"చూడకూడదు. ఆజ్ఞ."

అంటూనే ఒక్క కుమ్ము కుమ్మింది. ఇన్నేళ్లకి ముందు వరసలో నిలబడ్డ మేజరుగారు ముళ్లపొదలో వెల్లకిలా పడ్డాడు.

కాలు సాగక వెనకబడ్డ పుల్లమ్మ ఆగి, ఎగాదిగా చూసింది. "నువ్వా దొరా! ఇంత సన్నమా నీ మెడ!"

లోయలో గంటలు మోగడం ఆగింది. అరుపులు మొదలయ్యాయి.

గంటకి లొంగమని నేర్పిన దండు, ఆ గంట ఎవడి మెడలో ఉంటే వాడి వెంటే పోతుంది.